టాపు మడిచే పనితనం: పాతకాలపు ఖరీదైన కార్లలో అరుదైన ఓపెన్ బాడీలు

క్యాబిన్ కూడా లేని లారీ ఛాసిస్‌ని, ముఖానికి తువ్వాలు చుట్టుకున్న డ్రైవరు హైవే మీద తోలుకుపోవడం కొన్నేళ్ల కిందటి వరకు కోస్తా జిల్లాల్లో తరచూ కనిపించే దృశ్యం. ఇంజను, చక్రాలు, స్టీరింగు, కూర్చోడానికో తాత్కాలిక సీటు, అంతే. ఆ ఛాసిస్ విజయవాడ ఆటోనగర్ లాంటి చోటికి చేరాక బాడీ కట్టేవాళ్ల చేతుల్లో పడేది. తొట్టి ఎంత ఎత్తుండాలి, డ్రైవరు వెనక పడుకునే చోటు ఉండాలా వద్దా, ఏ రంగు వేయాలి అన్నవి యజమాని చెప్పి చేయించుకునేవాడు. అందుకే మన వాడుకలో లారీ కొనడం వేరు, బాడీ కట్టించడం వేరు.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు రోల్స్ రాయిస్ కారు కూడా ఇలాగే పుట్టేది. కంపెనీ అమ్మింది ఛాసిస్‌ని మాత్రమే. కొన్నవారు దాన్ని లండన్‌లోని బార్కర్‌కో, హూపర్‌కో, థ్రప్ అండ్ మేబర్లీకో పంపి తమకు కావలసిన బాడీ కట్టించుకునేవారు. ఆ సంస్థల్లో చాలావాటికి గుర్రపు బగ్గీలు కట్టిన అనుభవం ఉండేది. బాడీతో సహా మొత్తం కారును తామే తయారుచేసి అమ్మడం రోల్స్ రాయిస్ కంపెనీ 1946లో తమ బెంట్లీ మార్క్ సిక్స్‌తో మొదలుపెట్టింది. రోల్స్ రాయిస్ పేరుతో అలాంటి కారు 1949లో సిల్వర్ డాన్‌తో వచ్చింది.

ఈ సంగతి పట్టుకోకపోతే పాత కార్లలో 'అరుదైన ఓపెన్ బాడీ' అన్న మాటకు అర్థం తెలియదు. ఇవాళ ఒక మోడల్‌లో కన్వర్టిబుల్, అంటే టాపు మడిచే కార్లు, ఎన్ని తయారయ్యాయో కంపెనీ లెక్క చెబుతుంది. అప్పట్లో ఛాసిస్ లెక్క ఒకరి దగ్గర, బాడీ లెక్క మరొకరి దగ్గర ఉండేవి. రెండూ బోల్టులతో బిగించినవే కాబట్టి ఎప్పుడైనా విడదీయొచ్చు. ఈ కార్ల అరుదుదనమూ, వాటి చుట్టూ ఇవాళ ఉన్న తగాదాలూ అన్నీ ఆ బోల్టుల దగ్గరే మొదలవుతాయి.

మరో విషయం మొదటే చెప్పుకోవాలి. తొలినాళ్లలో ఓపెన్ కారు అరుదు కానే కాదు. 1907లో బార్కర్ వెండి రంగు బాడీ కట్టిన రోల్స్ రాయిస్, తర్వాత ఆ మోడల్ మొత్తానికి సిల్వర్ ఘోస్ట్ అన్న పేరు తెచ్చిన కారు, ఓపెన్ టూరరే. అప్పట్లో మామూలు కారంటే పైన గుడ్డ టాపు, పక్కల ఏమీ లేనిది. అద్దాలూ తలుపులూ గట్టి కప్పూ ఉన్న మూసిన బాడీకి ఎక్కువ కలప, ఎక్కువ గాజు, ఎక్కువ కూలి కావాలి కాబట్టి దాని ధరా ఎక్కువే. 1919లో అమెరికాలో తయారైన కార్లలో మూసిన బాడీవి దాదాపు పదో వంతు. 1929 నాటికి లెక్క తలకిందులై పదింట తొమ్మిది మూసినవే అయ్యాయి. ఉక్కు రేకును ప్రెస్సుల్లో ఒత్తి బాడీలు చేయడం రావడంతో మూసిన కారు చవకైంది. వానకూ దుమ్ముకూ చలికీ ఓర్చుకోవలసిన అవసరం పోయాక, ఓపెన్ కారు కావాలన్నవారు ఎండ కోసమో, అందం కోసమో, నలుగురి కంట పడడం కోసమో కావాలన్నారు. పైగా వాన వస్తే మూసిన కారులా పనిచేయాలనీ అడిగారు. అప్పటిదాకా చవక బాడీగా ఉన్నది ఆ కోరికతోనే బాడీ కట్టేవాళ్లకు అన్నిటికంటే కష్టమైన పనిగా మారింది.

ఆ కష్టం ఎలాంటిదో సైకిల్ రిక్షా టాపు చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. విల్లుల్లా వంచిన రెండు మూడు కమ్ములు ఒకే మేకు చుట్టూ తిరుగుతాయి. వెనక్కి తోస్తే విసనకర్రలా దగ్గరకొస్తాయి, ముందుకు లాగితే గుడ్డ బిగుసుకుంటుంది. గుర్రపు బగ్గీ టాపు ఇదే. తొలి టూరర్ల టాపూ ఇంచుమించు ఇదే. వాన పడితే పక్కలకు సెల్యులాయిడ్ కిటికీలున్న గుడ్డ తెరలు బిగించుకోవాలి. బిగించేలోపు తడిసిపోవడం ఖాయం.

తలుపుల్లోంచి గాజు పైకి లేచే కారుకు ఈ ఏర్పాటు సరిపోదు. గాజు పైఅంచు ఆనడానికి పక్కన గట్టి పట్టీ కావాలి. టాపు మడిచినప్పుడు ఆ పట్టీ కూడా ముక్కలుగా విరిగి మడత పడాలి. ముందు కొస విండ్‌స్క్రీన్ పైచట్రానికి నీరు దూరకుండా కరుచుకోవాలి. పైన గుడ్డ, మధ్య మెత్త, లోపల అస్తరు, ఇలా మూడు పొరలు. ఇవన్నీ కలిసి వెనక సీటు వెనకాల ముద్దగా పడి ఉంటే చూడ్డానికి బాగుండదు. లోపలికి దించి మూత వేయాలంటే సామాను చోటు పోతుంది. జర్మన్ కార్లలో ఆ మందపాటి టాపు మడిచాక కూడా వెనక ఎత్తుగా, పరుపు చుట్టలా కూర్చుంటుంది. అక్కడి చలికి మెత్త తప్పనిసరి కాబట్టి వాళ్లు దాన్ని దాచే ప్రయత్నం పెద్దగా చేయలేదు. కాలిఫోర్నియాలో పాసడీనా ఊళ్లో బాడీలు కట్టే మర్ఫీ కంపెనీకి ఆ బెంగ లేదు. అమెరికా కారు డ్యూసెన్‌బర్గ్ మోడల్ జె మీద వాళ్లు కట్టిన రెండు సీట్ల కన్వర్టిబుల్ కూపేల్లో కొన్నిటికి పల్చని టాపు పూర్తిగా లోపలికి దిగి, పైన లోహపు మూత పడుతుంది. మూత వేశాక ఈ కారుకు అసలు టాపు ఉందా అనిపిస్తుంది.

డ్యూసెన్‌బర్గ్ గురించి ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. 1928 చివర్లో న్యూయార్క్ ప్రదర్శనలో మోడల్ జె వచ్చినప్పుడు ఇంజను శక్తి 265 హార్స్‌పవర్ అని కంపెనీ ప్రకటించింది. ఒట్టి ఛాసిస్ ధరే 8,500 డాలర్లు. మొత్తం తయారైనవి సుమారు 480. ఓపెన్ బాడీలకు అంత బలమైన ఛాసిస్ ఎందుకు అవసరమో ఈ కారు చూపిస్తుంది. మూత ఉన్న అట్టపెట్టెను రెండు చేతులతో మెలిపెడితే సులువుగా వంగదు. మూత తీసి మెలిపెడితే వెంటనే వంకర తిరుగుతుంది. కారు కప్పు కూడా ఆ మూత లాంటిదే. అది లేకపోతే గతుకు తగిలినప్పుడల్లా ముందు అద్దం, డాష్‌బోర్డు ఒక వైపూ వెనక సీట్లు మరో వైపూ ఊగుతాయి. తలుపుల సందులు పెరుగుతాయి, తగ్గుతాయి. లోపల యాష్ కలప చట్రం మీద అల్యూమినియం రేకు తొడిగిన బాడీల్లో కలప అతుకులు కొన్నేళ్లకే వదులవుతాయి. లోతైన, మందమైన ఛాసిస్ ఉంటే ఆ భారం అది మోస్తుంది. మోడల్ జె మోసింది.

అందుకే నాలుగు తలుపుల కన్వర్టిబుల్ మరీ అరుదు. మధ్య కంబం ఉంటే టాపు తీసినా ఓపెన్ కారులా కనబడదు. కంబం తీసేస్తే తలుపులు ఆనే చోటే ఉండదు. బాడీ కట్టేవాళ్లు దీనికి కనిపెట్టిన ఉపాయం, ఊడదీసి దాచుకునే కంబం. ఎండలో తీసి పక్కన పెట్టుకోవాలి, వాన వస్తే మళ్లీ బిగించి, నాలుగు గాజులూ ఎత్తి, వాటి మీద టాపు పట్టీ సరిగ్గా కూర్చోబెట్టాలి. ఇంగ్లండ్‌లో దీన్ని ఆల్‌వెదర్ అన్నారు, అమెరికాలో కన్వర్టిబుల్ సెడాన్ అన్నారు. పేరుకు అన్ని కాలాలదే. ఆచరణలో దీన్ని గలగలమనకుండా కట్టగలిగినవారు కొద్దిమందే.

మెర్సిడెస్ బెంజ్ ఈ గందరగోళానికి అక్షరాలతో దారి చూపింది. క్యాబ్రియొలే అంటే టాపు మడిచే కారు. రెండు సీట్లది క్యాబ్రియొలే ఎ. నాలుగు సీట్లు, రెండు తలుపులు, వెనక పక్క కిటికీలు ఉన్నది బి. ఆ పక్క కిటికీలు లేనిది సి. నాలుగు తలుపులది డి. పొడవాటి పుల్మన్ బాడీది ఎఫ్. కంపెనీకి జిండెల్‌ఫింగెన్‌లో సొంత బాడీ విభాగం ఉండడం వల్లే ఈ క్రమం కుదిరింది. 1936 నుంచి ఆ కంపెనీ తయారుచేసిన 540కె మోడల్ కార్లు మొత్తం 419. వాటిలో అందరూ వెతికేది స్పెషల్ రోడ్‌స్టర్‌ని. మామూలు క్యాబ్రియొలేలు 22,000 రైఖ్స్‌మార్కులు ఉన్నప్పుడు రెండు సీట్ల ఆ రోడ్‌స్టర్ 28,000. సీట్లు రెండే అయినా ధర పెరిగింది. చక్రాల మీది ఆ పొడవాటి రెక్కలూ, పూర్తిగా కనుమరుగయ్యే టాపూ చేతిపనితో వచ్చినవి కాబట్టి ఆ లెక్క సరైనదే.

ఇంతవరకు ఇంజనీరింగ్. బాడీ రకాల పేర్లలో ఉన్న అసలు తేడా మాత్రం మనుషులది. ఏ సీటు మీద కప్పు ఉంటుంది, ఏ సీటు మీద ఉండదు అన్న ప్రశ్న వేస్తే సగం పేర్లు వాటంతటవే విడిపోతాయి.

ల్యాండోలెట్‌లో వెనక సీటు మీద మాత్రమే టాపు మడత పడుతుంది. డ్రైవరు మీదా మధ్యభాగం మీదా గట్టి కప్పే. యజమానికి ఎండ తగలాలి, లేదా యజమాని జనానికి కనిపించాలి. ఊరేగింపు బండి ఇది. జర్మనీలోని ల్యాండౌ ఊరి పేరు మీదుగా వచ్చిన గుర్రపు బండి వారసత్వం. టాపు పక్కన బయటికి కనిపించే ఎస్ ఆకారపు ఇనుప కీలు దీని గుర్తు. అది అలంకారం కాదు. నిటారుకు రవ్వంత దాటేలా దాన్ని నొక్కితే టాపు గుడ్డ బిగుసుకుని, తనంతట తాను వెనక్కి పడకుండా తాళం పడినట్టు నిలుస్తుంది. తర్వాతి కాలంలో మడత పడని గట్టి కప్పుకు గుడ్డ అంటించి, పక్కన ఉత్తుత్తి కీలు బిగించిన కార్లు చాలా వచ్చాయి. బొమ్మలో చూసి ఓపెన్ కారనుకునే పొరపాటు వీటి దగ్గరే జరుగుతుంది. కీలు మధ్యలో నిజమైన మేకు ఉందా, దాని కింద టాపులో మడత గీత ఉందా అని చూస్తే తెలిసిపోతుంది.

సెడాంకా డి విల్ దీనికి తిరగేసిన రూపం. వెనక యజమాని గట్టి కప్పు కింద గదిలో ఉన్నట్టు కూర్చుంటే, ముందు డ్రైవరు నెత్తిన ఆకాశం. గుర్రపు బండి తోలేవాడు ఎప్పుడూ బయటే కూర్చునేవాడు కాబట్టి కారు డ్రైవరూ బయటే కూర్చోవాలన్న పాత పద్ధతి ఇది. వాన వస్తే మాత్రం డ్రైవరు మీద ఒక చిన్న గుడ్డో పలకో ముందుకు జరుపుతారు. ఈ బాడీలో హోదా చూపే తీరు కొంచెం బాధ కలిగించేదే. అయినా ఆకారపరంగా దానికో అందం ఉంది. ముందు ఖాళీ, వెనక బరువు, రెండిటి మధ్య ఒక నిటారు గీత. ఆ అందం కోసమే 1930ల్లో సొంతంగా కారు నడుపుకునే వారు కూడా దాన్ని కోరుకున్నారు. లండన్ డీలరు హెచ్.ఆర్. ఓవెన్ కోసం బాడీ కంపెనీ గర్నీ నటింగ్ కట్టిన ఓవెన్ సెడాంకా రెండు తలుపుల కూపే. ముందు సీటు మీది కప్పు తెరుచుకుంటుంది. కింద కూర్చునేది డ్రైవరు కాదు, యజమానే.

ఇక మూడు స్థితుల డ్రాప్‌హెడ్. డ్రాప్‌హెడ్ అన్నా టాపు మడిచే కారే. ఈ వ్యాసంలో ఒకే బాడీని ఎన్నుకోమంటే ఎన్నుకోవలసింది దీన్ని. టాపు మొత్తం వేస్తే మూసిన కారు. ముందు సగం వెనక్కి చుట్టి పట్టీలతో కట్టేస్తే సెడాంకా. మొత్తం మడిస్తే ఓపెన్ కారు. మూడూ ఒకే గుడ్డతో, ఒకే కమ్ములతో. మధ్య స్థితిలో టాపు ముందు కొసకు ఆధారంగా విండ్‌స్క్రీన్ ఉండదు కాబట్టి, తలుపు వెనక కంబం దగ్గరున్న విల్లు మొత్తం లాగుడును తట్టుకోవాలి. ఆ ఒక్క విల్లు సరిగ్గా లేకపోతే సగం తెరిచిన టాపు గాలికి బెలూన్‌లా ఉబ్బుతుంది. పక్క పట్టీలకు ఇంకో అతుకు పెరుగుతుంది. అతుకు పెరిగిన ప్రతిచోటా నీరు కారే అవకాశం, శబ్దం వచ్చే అవకాశం. ఇన్ని కష్టాలు పడి కట్టిన తర్వాత చాలామంది యజమానులు ఆ మధ్య స్థితిని ఎప్పుడో తప్ప వాడి ఉండరు. అయినా దాన్ని కట్టినవారి నేర్పు చూడాలంటే ఆ మధ్య స్థితిలోనే చూడాలి.

ఫేటన్, రోడ్‌స్టర్ల గురించి క్లుప్తంగా. ఇవి తలుపుల్లోంచి గాజు లేవని పాత వరస ఓపెన్ కార్లు. డ్యూయల్ కౌల్ ఫేటన్‌లో వెనక సీటు వారికి కూడా సొంత విండ్‌స్క్రీన్, దాని కింద బానెట్ లాంటి లోహపు పలక ఉంటాయి. వెనక వాళ్లు ఎక్కాలంటే ఆ పలకను పైకి ఎత్తాలి. రోడ్‌స్టర్ వెనక మూత తెరిస్తే ఇద్దరు కూర్చునే సీటు బయటికి వచ్చేది. దాన్ని ఇంగ్లండ్‌లో డిక్కీ సీటు అన్నారు. సీటు పోయి సామాను మిగిలినా పేరు మాత్రం మన దగ్గర నిలిచిపోయింది. కారు వెనక పెట్టె మూతను ఇవాళ్టికీ డిక్కీ అంటున్నాం.

గుడ్డతో పడుతున్న ఈ తంటాలన్నిటికీ వేరే దారి చూపినవాడు జార్జ్ పోలాన్ అనే ఫ్రెంచ్ దంతవైద్యుడు. కప్పును లోహంతోనే చేసి, మొత్తంగా ఎత్తి వెనక డిక్కీలోకి దించేయాలన్నది ఆయన ఆలోచన. దానికి ఎక్లిప్స్ అని పేరు పెట్టారు. పారిస్ డీలరు ఎమిల్ డార్ల్‌మా, బాడీ కట్టే మార్సెల్ పూర్తూలతో కలిసి 1934 నుంచి ప్యూజో కార్ల మీద దాన్ని అమలు చేశారు. గ్రహణం పట్టినట్టు కప్పు మాయమవుతుంది కాబట్టి ఆ పేరు చక్కగా సరిపోయింది. పోలాన్ తర్వాత బెంట్లీకి కూడా రూపకల్పన చేశాడు. జర్మన్ ఆక్రమణ కాలంలో ప్రతిఘటన ఉద్యమంలో పనిచేసి పట్టుబడ్డాడు. 1942లో నాజీలు ఆయన్ని కాల్చి చంపారు. ఆయన ఆలోచనను అమెరికాలో 1957లో ఫోర్డ్ స్కైలైనర్ వేల సంఖ్యలో తయారుచేసింది. 1996లో మెర్సిడెస్ ఎస్ఎల్‌కెతో అది మళ్లీ మామూలు విషయమైపోయింది. ఇవాళ మీట నొక్కితే లోపలికి దిగే లోహపు కప్పులను చూస్తే ఆ పళ్ల డాక్టరు గీతలే గుర్తుకొస్తాయి.

భారతదేశం ఈ కథలోకి సంస్థానాల ద్వారా వచ్చింది. ఇక్కడి ఆర్డర్లలో 'ఎవరు కనిపించాలి, ఎవరు కనిపించకూడదు' అన్న లెక్క మరీ స్పష్టం. కొందరికి అంబారీ లాంటి కారు కావాలి, కొందరికి మేనా లాంటిది కావాలి. జనానా కార్లకు తెరలూ లోపలివారు కనిపించని అద్దాలూ ఉండేవి. ఊరేగింపు కారులో రాజు ఎత్తుగా కూర్చోవాలి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు ఉంచిన పసుపు రంగు సిల్వర్ ఘోస్ట్ ఈ ఊరేగింపు కోవది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డరిచ్చినది. ఆయన 1911లో కన్నుమూయడంతో కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. బాడీ బార్కర్‌దే. వెనక సీటును సింహాసనంలా ఎత్తుగా కట్టారు. కొన్ని వందల మైళ్లకు మించి తిరగని ఆ కారును చూస్తే, బాడీ కట్టేవాడికి ఇచ్చిన ఆర్డరులో ప్రయాణానికంటే దర్శనానికి ఎంత చోటిచ్చారో తెలుస్తుంది.

వేట కార్లది వేరే లెక్క. రాజస్థాన్‌లోని కోటా మహారావు రెండో ఉమేద్ సింగ్ కోసం 1925లో బార్కర్ కట్టిన రోల్స్ రాయిస్ ఫాంటమ్ వన్ టార్పెడో టూరర్‌కు పెద్ద సెర్చిలైట్లు, తుపాకులు పెట్టుకునే ఏర్పాట్లు ఉన్నాయి. పులివేట కోసం కప్పు వద్దన్నారు. నలువైపులా చూడాలి, లేచి నిలబడి గురిపెట్టాలి. రాజ్‌కోట్ ఠాకూర్ సాహెబ్ కోసం 1934లో థ్రప్ అండ్ మేబర్లీ కట్టిన ఫాంటమ్ టూ మాత్రం పై చెప్పిన అరుదైన రకం. నాలుగు తలుపుల ఆల్‌వెదర్. కాషాయ రంగు, స్టీరింగుతో పాటు తిరిగే దీపాలు. స్టార్ ఆఫ్ ఇండియా అన్న పేరుతో ప్రపంచమంతా తిరిగి, 2010లో వేలంలో ఆ వంశీకులే కొనడంతో మళ్లీ రాజ్‌కోట్ చేరింది. ఇండోర్ మహారాజా యశ్వంత్ రావ్ హోల్కర్ ఒక డ్యూసెన్‌బర్గ్ ఎస్‌జె ఛాసిస్‌ని అమెరికా నుంచి లండన్ తెప్పించి గర్నీ నటింగ్ చేత స్పీడ్‌స్టర్ కట్టించుకున్నాడు. అమెరికా ఇంజను, ఇంగ్లిష్ బాడీ, మరాఠా యజమాని. ఛాసిస్ వేరుగా, బాడీ వేరుగా దొరికిన కాలంలోనే ఇలాంటి కలయిక సాధ్యం.

ఇంత శ్రమతో పుట్టిన ఓపెన్ బాడీలు ఎన్ని మిగిలాయన్నది తేలిగ్గా తేలే లెక్క కాదు. ఫ్రెంచ్ కారు బుగాటీ రాయల్‌నే తీసుకుంటే విషయం బోధపడుతుంది. 12.7 లీటర్ల ఇంజనుతో ఆరు కార్లు మాత్రమే మిగిలిన మోడల్ అది. కొనుక్కున్నవారు ముగ్గురే. వారిలో ఇద్దరు ఓపెన్ బాడీ కోరారు. పారిస్ బట్టల వ్యాపారి ఆర్మాన్ ఎస్దర్ 1932లో రోడ్‌స్టర్ తీసుకున్నాడు. రాత్రిళ్లు నడపను కాబట్టి హెడ్‌లైట్లు అక్కర్లేదన్నాడు. జర్మన్ వైద్యుడు జోసెఫ్ ఫుక్స్ మ్యూనిక్‌లో లుడ్విగ్ వైన్‌బర్గర్ చేత క్యాబ్రియొలే కట్టించుకున్నాడు. ఎస్దర్ కారు చేతులు మారాక బాడీ కట్టే అన్రీ బిందర్ ఆ రోడ్‌స్టర్ బాడీ తీసేసి, వెనక మూసిన గది ఉన్న కూపే డి విల్ బిగించాడు. ఆరింటిలో ఒక ఓపెన్ బాడీ అలా పోయింది. ఫుక్స్ కారు న్యూయార్క్‌లో పాత ఇనుప సామాన్ల యార్డుకు చేరింది. జనరల్ మోటార్స్ ఇంజనీరు చార్లెస్ షేన్ దాన్ని కొని బాగు చేయించి, చివరికి డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియానికి ఇచ్చాడు. ఫ్రాన్స్‌లో ములూజ్ మ్యూజియంలో ఇవాళ ఎస్దర్ రోడ్‌స్టర్ లాంటి కారు కనిపిస్తుంది. అది తర్వాత కట్టిన నకలు. నకలని మ్యూజియం చెప్పుకుంటోంది కాబట్టి తప్పు లేదు. కానీ ఒక ఓపెన్ బాడీ ఎలా పుట్టి, ఎలా పోయి, మళ్లీ ఎలా ప్రత్యక్షమవుతుందో ఆ ఒక్క ఛాసిస్ చరిత్రలో మొత్తం ఉంది.

ఇలా ప్రత్యక్షమైనవన్నీ చెప్పుకుని చేసినవి కావు. 1930-31లో తయారైన బెంట్లీ 8 లీటర్ ఛాసిస్‌లు సరిగ్గా 100. ఎక్కువభాగం బరువైన సెడాన్, లిమోజిన్ బాడీలతో రోడ్డెక్కాయి. దశాబ్దాల తర్వాత ఆ బాడీలు పుచ్చిపోయాయి. కొన్ని బాగానే ఉన్నా ఓపెన్ టూరర్‌కు ధర ఎక్కువ కాబట్టి వాటినీ ఊడదీశారు. వాటి స్థానంలో పాత రేసింగ్ బెంట్లీల తరహా టూరర్ బాడీలు వచ్చాయి. ఇవాళ ఆ మోడల్ ఫొటోలు చూసేవారికి అది పుట్టుకతో ఓపెన్ కారనిపిస్తుంది. అరుదైన వస్తువు ఏళ్లు గడిచేకొద్దీ తగ్గాలి. ఇక్కడ పెరుగుతోంది.

ఇందులో అన్నిటినీ మోసంగా కొట్టేయకూడదు. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 1921 నుంచి 1931 వరకు రోల్స్ రాయిస్ ఫ్యాక్టరీ నడిచింది. అక్కడ కంపెనీయే పాత ఛాసిస్‌ల మీద వేరే బాడీలు మార్చి అమ్మింది. బాడీ కంపెనీ బ్రూస్టర్ కట్టిన ఆస్కట్, పిక్కడిల్లీ అనే ఓపెన్ బాడీలు ఒక ఛాసిస్ నుంచి ఇంకో ఛాసిస్‌కు మారాయి. ఆ కాలంలోనే, ఆ కంపెనీయే, ఆ కాలపు బాడీనే మార్చింది. దానికీ, నిన్నగాక మొన్న కొత్త కలపతో రేకు కొట్టి బిగించిన టూరర్‌కీ తేడా ఉంది. ఈ మధ్య మెట్లు చూడకుండా అసలా నకిలీయా అని రెండే డబ్బాల్లో పడేయడం అన్యాయం. ఛాసిస్‌కూ బాడీకీ పుట్టుకతో వచ్చిన జంట, అప్పట్లోనే కుదిర్చిన జంట, పాత బాడీని తర్వాత తెచ్చి పెట్టిన జంట, కొత్తగా కట్టిన బాడీ అని నాలుగు మెట్లు గుర్తుపెట్టుకోవాలి. అమ్మేవారు ఏ మెట్టో చెప్పాలి. ఎక్కువ నష్టం జరిగేది చెప్పని చోటే. ఇంకో నష్టం గురించి మాట్లాడేవారు తక్కువ. టూరర్ కోసం ఊడదీసి పారేసిన లిమోజిన్ బాడీ కూడా ఎవరో చేత్తో కట్టిందే. మూసినది కాబట్టి దాని పనితనం తక్కువది కాదు. ఓపెన్ బాడీల మీద మోజే ఇవాళ కొన్ని మూసిన బాడీలను ఓపెన్ వాటికంటే అరుదు చేసింది.

మన దేశంలో ఈ విషయం చట్టంలోకి కూడా వచ్చింది. 2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ ప్రకటించిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన కార్లు, మోటార్ సైకిళ్లు వింటేజ్ వాహనాలుగా నమోదు కావొచ్చు. నంబరులో విఎ అన్న అక్షరాలు వస్తాయి. షరతు ఏమిటంటే వాహనం అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజనులో గానీ పెద్ద మార్పు చేసి ఉండకూడదు. ఉద్దేశం మంచిదే. అయితే పుట్టుకతోనే బాడీ లేని కారు విషయంలో 'అసలు రూపం' ఏది? 1928లో లండన్‌లో లిమోజిన్‌గా పుట్టి, 1936లో సంస్థానం వర్క్‌షాపులో టేకు చట్రంతో వేట కారుగా మారిన బండి మన చరిత్రకు ఏ విధంగా తక్కువది? ఆ మార్పే దాని చరిత్ర. పరిశీలించే అధికారికి బాడీ మారిందా అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ఎప్పుడు మారింది, ఎవరు మార్చారు అని కూడా అడగాలి.

ఆ ప్రశ్నలకు జవాబులు కాగితాల్లోనూ కలపలోనూ దొరుకుతాయి. ఏ ఛాసిస్ ఎవరి కోసం, ఏ బాడీ కంపెనీకి పంపారో రాసిన రోల్స్ రాయిస్ ఛాసిస్ కార్డులు ఇంగ్లండ్‌లో ఆ కార్ల అభిమానుల క్లబ్బు దగ్గర భద్రంగా ఉన్నాయి. కారు మీదైతే మొదట చూడవలసింది మెరుస్తున్న రంగును కాదు. చాలా కంపెనీలు తమ బాడీ నంబరును సీటు కింది చెక్క మీదా, తలుపు లోపలి చట్రం మీదా, టాపు విల్లు కొస మీదా అచ్చు గుద్దేవి. విడిగా చేసిన ముక్కలు మళ్లీ అదే కారుకు చేరడానికి పనివాళ్లు పెట్టుకున్న గుర్తు అది. టాపు గుడ్డ మార్చేటప్పుడు ఆ పాత విల్లులు బయటపడతాయి. వాటిని పారేసి కొత్తవి వేయించే ముందు, కొసల మీద అంకెలున్నాయేమో దీపం పెట్టి చూసి ఫొటో తీసి ఉంచాలి. నాలుగు ముక్కల మీదా ఒకే నంబరు ఉంటే, ఆ టాపు ఆ కారుతోనే పుట్టిందనడానికి అంతకన్నా బలమైన సాక్ష్యం కారు మీద ఇంకోటి దొరకదు.